క్వాడ్ బైకుకు ఎగ్జాస్ట్ ఎంచుకోవడం ఎలా: రాప్టర్ 700 ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

నాలుగు చక్రాల క్వాడ్ బైకు కొన్నవాళ్లలో చాలామంది మొదట మార్చేది సైలెన్సర్. నేనూ అంతే. దక్షిణ కాలిఫోర్నియాలో ఇసుక దిబ్బల మీద తిప్పడానికి పాత యమహా రాప్టర్ 700 కొన్నాను. మూడో వారానికే కంపెనీ గొట్టం తీసేసి, స్నేహితుడు మెచ్చుకున్న ఒక గొట్టం బిగించాను. వినడానికి నిజంగా భలేగా ఉంది. కానీ దిబ్బ సగం ఎక్కాక బండి మునుపటికంటే బద్ధకించేది. తర్వాతి నెలలో ఒక అడవి బాట మొదట్లోనే శబ్దం కొలిచి, గొట్టంలో నిప్పురవ్వలను ఆపే జాలీ లేదని చూసి, నన్ను వెనక్కి పంపేశారు. అలా డబ్బు పోగొట్టుకున్నాకే అసలు ఏం చూసి కొనాలో నేర్చుకున్నాను. ఆ క్రమాన్నే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా రాప్టర్ 700 నుంచే ఉంటాయి. 686 సీసీ, ఒకే సిలిండర్, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండి ఇది. మీ బండి వేరే అయినా ఆలోచించే పద్ధతి అదే.

ముందు పేర్లు తేల్చుకుందాం

మన వాడుకలో ఇంజిన్ నుంచి వెనక చివరి దాకా ఉన్నదంతా సైలెన్సరే. కొనేటప్పుడు మాత్రం ఆ మాట చాలదు. ఇంజిన్ తలకాయకు బిగించి ఉండి, వంపు తిరిగి వచ్చేది హెడర్ పైపు. మన మెకానిక్కులు దీన్నే బెండ్ పైపు అంటారు. దాని తర్వాత ఒక చిన్న మధ్య గొట్టం, చివరన మఫ్లర్ అనే డబ్బా ఉంటాయి. డబ్బా లోపల చిల్లులున్న గొట్టం ఒకటి ఉంటుంది. దాని చుట్టూ దూదిలాంటి గాజుపీచు కూరి ఉంటుంది. చప్పుడును మింగేది ఆ పీచే. కొన్నిటికి కొసన సన్నటి జాలీ ఉంటుంది, అదే స్పార్క్ అరెస్టర్.

వెనక డబ్బా మాత్రమే మారిస్తే స్లిప్-ఆన్ అంటారు. బెండ్ పైపుతో సహా మొత్తం మారిస్తే ఫుల్ సిస్టమ్.

మొదటి అడుగు: మీ బొటనవేలు ఎక్కడ ఉంటుందో గమనించండి

క్వాడ్ బైకుకు యాక్సిలరేటర్ బొటనవేలితో నొక్కేది. రెండు వారాంతాలు మామూలుగానే నడుపుతూ ఒక్కటే గమనించండి: ఆ మీటను మీరు ఎక్కువసేపు ఎంత లోతుకు నొక్కి ఉంచుతున్నారు? కాగితం మీద రాసుకున్నా తప్పులేదు.

గ్లామిస్ దగ్గర ఇంపీరియల్ ఇసుక దిబ్బల మీద ఓల్డ్స్‌మొబైల్ హిల్ లాంటి ఎత్తు ఎక్కేవాళ్లు మీటను పూర్తిగా నొక్కి, ఇంజిన్‌ను పైవేగంలో పట్టి ఉంచుతారు. మెత్తటి ఇసుక టైర్లను వెనక్కి లాగుతుంది కాబట్టి వేగం తగ్గితే బండి కూరుకుపోతుంది. చెట్ల మధ్య ఇరుకు బాటల్లో తిరిగేవాళ్ల సంగతి దీనికి పూర్తిగా వేరు. రాళ్లు, మలుపులు, మీటను పావు వంతు నొక్కి వదలడం, మళ్లీ నొక్కడం. వాళ్లకు కావలసింది తక్కువ వేగంలో తడబడకుండా లాగే శక్తి. పొలం పనికో గడ్డి మోయడానికో వాడే పెద్ద క్వాడ్‌కు ఎగ్జాస్ట్ మార్చాల్సిన అవసరమే చాలావరకు రాదు. ఆ డబ్బు మంచి టైర్లకు పెట్టమంటాను.

ఈ గమనింపును తేలిగ్గా తీసుకోకండి. నేను కొన్న మొదటి గొట్టం చెడ్డదేమీ కాదు. అది పైవేగం కోసం చేసిన లావాటి గొట్టం, నేను నడిపేది మధ్య వేగంలో. అంతే తేడా.

రెండో అడుగు: గొట్టం లోపల ఏం జరుగుతుందో ఒకసారి లెక్కించుకోండి

"ఇంజిన్‌కు కొంచెం బ్యాక్ ప్రెషర్ ఉండాలి, లేకపోతే కింద, అంటే తక్కువ వేగంలో, శక్తి పోతుంది" అని అందరూ చెబుతారు. గమనించిన విషయం నిజమే, కారణం తప్పు. వెనక్కి తోసే ఒత్తిడి వల్ల ఏ ఇంజిన్‌కూ మేలు లేదు. లావాటి గొట్టం పెట్టగానే కింద శక్తి పోవడానికి అసలు కారణం వేరే: లోపలి వాయువు వేగం తగ్గిపోవడం, పీడన తరంగం తిరిగివచ్చే సమయం తప్పడం.

ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే ఒక పీడన తరంగం గొట్టం వెంట పరుగెత్తుతుంది. గొట్టం చివర ఒక్కసారిగా విశాలమైన చోటు తగలగానే అది తిరగబడి, ఈసారి తక్కువ పీడనంగా వెనక్కి వస్తుంది. సరిగ్గా ఇన్‌లెట్ వాల్వూ ఎగ్జాస్ట్ వాల్వూ రెండూ కాస్త తెరిచి ఉన్న క్షణంలో ఆ తక్కువ పీడనం సిలిండర్‌ను చేరితే మిగిలిన పొగను బయటికి లాగి, కొత్త గాలిని లోపలికి రప్పిస్తుంది. ముందుగానో ఆలస్యంగానో చేరితే ఆ మేలు దక్కదు.

ఒక ఉజ్జాయింపు లెక్క చూద్దాం. వేడి పొగలో తరంగం వేగం సెకనుకు సుమారు 500 మీటర్లు అనుకుందాం. వాల్వు తెరుచుకున్న దగ్గర నుంచి ఆ క్షణం వరకు పిస్టన్ తిప్పే ఇరుసు, అంటే క్రాంక్, దాదాపు 240 డిగ్రీలు తిరుగుతుంది. ఇంజిన్ నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతుంటే దానికి పట్టే సమయం 4.4 మిల్లీసెకన్లు. ఆ లోపు తరంగం పోయి రావాలంటే గొట్టం పొడవు 1.1 మీటరు ఉండాలి. అదే 6,000 చుట్ల వద్ద 6.7 మిల్లీసెకన్లు దొరుకుతాయి, పొడవు 1.7 మీటర్లకు దగ్గరవుతుంది. పొట్టి గొట్టం పైవేగానికి, పొడవాటిది కిందివేగానికి పనికొస్తుందని అనడం వెనక ఉన్నది ఇదే. లావు విషయంలోనూ అంతే. సన్నటి గొట్టంలో వాయువు వేగంగా కదిలి కింద బలంగా లాగుతుంది, పైన ఊపిరాడక ఇబ్బంది పడుతుంది. అసలు తయారీలో ఇంకా చాలా లెక్కలు ఉంటాయి. అయినా అమ్మేవాడు "అన్ని వేగాల్లోనూ శక్తి పెరుగుతుంది" అన్నప్పుడు ఈ చిన్న లెక్క గుర్తుంటే చాలు.

ఇక్కడే రెండు స్ట్రోకుల బండ్ల గురించి ఒక మాట. యమహా బాన్షీ లాంటి పాత 350 సీసీ బండికి పొట్ట ఉబ్బిన గొట్టాలు అలంకారం కోసం పెట్టినవి కావు. ఆ ఉబ్బులోంచి తిరిగివచ్చే తరంగమే బయటికి జారిపోబోయే పెట్రోలు మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. ఈ విద్యను 1950లలో తూర్పు జర్మనీలోని ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ పండించాడు. 1961లో ఆ జట్టు రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ పశ్చిమానికి పారిపోయి సుజుకీలో చేరడంతో అది జపాన్ చేరింది. కాబట్టి రెండు స్ట్రోకుల బండికి గొట్టం మార్చడమంటే ఇంజిన్ స్వభావాన్నే మార్చడం. కింద నేను చెప్పబోయే స్లిప్-ఆన్ సలహాలు నాలుగు స్ట్రోకుల బండ్లకే.

మూడో అడుగు: కొనే ముందే నిబంధనలు చూడండి

నేను తప్పు చేసింది ఇక్కడే. కాలిఫోర్నియాలో 1986 జనవరి 1 నుంచి తయారైన ఆఫ్-రోడ్ బండ్లకు శబ్ద పరిమితి 96 డెసిబెల్స్, అంతకు ముందువాటికి 101. కొలిచే పద్ధతి పేరు ఎస్ఏఈ జె1287. బండిని నిలబెట్టి, గొట్టం చివరి నుంచి 20 అంగుళాల దూరంలో, 45 డిగ్రీల కోణంలో మీటరు పెట్టి, ఇంజిన్‌ను దాని గరిష్ఠ వేగంలో సగం వద్ద తిప్పి చూస్తారు. డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు. మూడు పెరిగితే ధ్వని శక్తి రెట్టింపవుతుంది. 99 చూపించిన నా గొట్టం "కొంచెం ఎక్కువ" కాదన్నమాట.

అమెరికా జాతీయ అడవుల బాటల్లో స్పార్క్ అరెస్టర్ తప్పనిసరి అని తెలుసుకోండి. ఎండిన గడ్డి మీద పడే ఒక్క మసి రవ్వ చాలు, కొండంతా అంటుకోవడానికి. మఫ్లర్ మీద అమెరికా అటవీ శాఖ (యుఎస్ఎఫ్ఎస్) అర్హత ముద్ర చెక్కి ఉందా అని కొనే ముందే చూడండి. "జాలీ తర్వాత విడిగా కొనుక్కోవచ్చు" అంటే, ఆ జాలీ ఉన్నప్పుడు మఫ్లర్‌కు ఆ ముద్ర వర్తిస్తుందో లేదో అడగండి. కాలిఫోర్నియాలో పొగ నియంత్రణ కిందికి వచ్చే బండి అయితే, ఆ గొట్టానికి రాష్ట్ర వాయు వనరుల మండలి మినహాయింపు ఉత్తర్వు నంబరు ఉందో లేదో కూడా చూడాలి. పోటీలకు మాత్రమే అని చిన్న అక్షరాల్లో రాసి ఉన్న గొట్టాలు చాలా ఉంటాయి. ఆ చిన్న అక్షరాలను పెద్దవిగా చదవండి.

చెవుల గురించీ ఆలోచించండి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. హెల్మెట్ లోపల చెవుల్లో దూదిబిళ్లలు పెట్టుకోవడం నామోషీ కాదు.

మన ఊళ్లకు వస్తే, తెలుగు రాష్ట్రాల్లో క్వాడ్ బైకులు ఎక్కువగా కనిపించేది రిసార్టుల్లో, సాహస క్రీడల పార్కుల్లో. ఆవరణలోనే నడిపినా పక్క ఊరికి చప్పుడు వినబడుతుంది. మార్చిన సైలెన్సర్లను విశాఖ బీచ్ రోడ్డులో వరుసగా పేర్చి పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించిన దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అవి రోడ్డు బండ్లవే అయినా, చప్పుడు మీద జనం విసుగు ఎంత ఉందో దానితో తెలుస్తుంది.

నాలుగో అడుగు: స్లిప్-ఆనా, ఫుల్ సిస్టమా?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మిగతా ఇంజిన్‌లో ఏమీ మార్చని బండికి మంచి స్లిప్-ఆన్ చాలు. దానితో బరువు తగ్గుతుంది, ధ్వని మారుతుంది, శక్తి ఒకటి రెండు హార్స్‌పవర్ పెరిగితే గొప్ప. అమెరికాలో ధర సుమారు 400 నుంచి 600 డాలర్లు. ఫుల్ సిస్టమ్‌కు 700 నుంచి 1,000, టైటానియం అయితే ఆపైన. ఫుల్ సిస్టమ్ తన విలువ చూపేది గాలి వచ్చే దారినీ, ఇంధనాన్నీ, వీలైతే వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌నూ దానితోపాటు మార్చినప్పుడే. ముక్కు సగం మూసుకుని నోటితో గట్టిగా ఊదినంత మాత్రాన పరుగు పెరగదు కదా.

ఎఫ్‌ఎంఎఫ్, యోషిమురా, హెచ్‌ఎంఎఫ్, బిగ్ గన్ లాంటి కంపెనీల పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. పేరుకంటే మీ బండి మోడలుకు, సంవత్సరానికి ఆ కంపెనీ విడిగా చేసిన భాగమా అన్నది ముఖ్యం. ఉదాహరణకు యమహా వైఎఫ్‌జెడ్ 450 కార్బురేటర్ బండి, 2009లో వచ్చిన వైఎఫ్‌జెడ్ 450ఆర్ ఇంజెక్షన్ బండి. పేర్లు దాదాపు ఒకటే అని ఒకదాని గొట్టం ఇంకొకదానికి కొనకండి.

ఒకే సిలిండర్ బండికి వెనక రెండు డబ్బాలు పెట్టే కిట్లు కూడా అమ్ముతారు. చూడ్డానికి బాగుంటాయి. బరువు పెరుగుతుంది, పని మాత్రం పెద్దగా పెరగదు. హోండా 400ఈఎక్స్‌కు ఇంజిన్ నుంచే రెండు బెండ్ పైపులు బయటికి వచ్చి వెనక ఒకటవుతాయి. అది తలకాయలో ఉన్న రెండు రంధ్రాల కోసం చేసిన ఏర్పాటు, ఈ అలంకారంతో పోల్చకూడదు.

ఐదో అడుగు: లోహం, డబ్బా, లోపలి పీచు

మామూలు ఇనుప గొట్టం చౌక. బురదలో, తడిలో తిరిగే బండికి అది ఒక్క వర్షాకాలానికే తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మధ్యేమార్గం: బరువు ఉంటుంది, సొట్ట పడినా పగలదు, వెల్డింగ్ చేయించుకోవచ్చు. అల్యూమినియం డబ్బా తేలిక, కానీ బెండ్ పైపుకు పనికిరాదు. అది 660 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, ఇంజిన్ పక్కన పొగ వేడి దాన్ని దాటగలదు. టైటానియం స్టీలులో దాదాపు 57 శాతం బరువే ఉంటుంది, వేడినీ తట్టుకుంటుంది, జేబును మాత్రం తట్టుకోనివ్వదు. రాళ్ల బాటల్లో పడే అవకాశం ఉన్నవాళ్లకు నా ఓటు స్టెయిన్‌లెస్‌కే.

డబ్బా ఎంత పొడవుగా, లావుగా ఉంటే అంత పీచు పడుతుంది, అంత నిశ్శబ్దంగా ఉంటుంది. పొట్టి డబ్బా అందంగా ఉండి అరుస్తుంది. డబ్బాను విప్పి పీచు మార్చుకోవడానికి బోల్టులు ఉన్నాయా, రివెట్లు ఉన్నాయా అన్నది కొనేటప్పుడే చూడండి. రివెట్లైతే ప్రతిసారీ డ్రిల్లుతో తొలిచి కొత్తవి వేయాలి. కొసన తీసి పెట్టుకునే నిశ్శబ్ద మూతి ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. ఇసుకలో తీసేసి, అడవికి వెళ్లేటప్పుడు పెట్టుకోవచ్చు. నేను ఇప్పుడు వాడేది అలాంటిదే.

ఆరో అడుగు: ఇంధనం సరిచేయకపోతే పని సగమే

గొట్టం పొగకు దారి సులువు చేసినప్పుడు ఇంజిన్ ఎక్కువ గాలి పీలుస్తుంది. పెట్రోలు అంతే వస్తుంటే మిశ్రమం పలచనవుతుంది, వేడి పెరుగుతుంది. పూర్తిగా మండడానికి ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కావాలి, తూకం లెక్కన. మీటను పూర్తిగా నొక్కినప్పుడు మంచి శక్తి 12.5 నుంచి 13 మధ్య వస్తుంది. అంటే లెక్కకంటే కాస్త చిక్కగా ఉండాలి.

హోండా టీఆర్‌ఎక్స్ 450ఆర్ లాంటి కార్బురేటర్ బండికి మెయిన్ జెట్ (జెట్ అంటే పెట్రోలును కొలిచి వదిలే సన్నటి రంధ్రమున్న ముక్క) ఒకటి రెండు సైజులు పెంచడంతో మొదలుపెట్టాలి. పైలట్ జెట్ కింది వేగాన్ని, సూది మధ్య వేగాన్ని, మెయిన్ జెట్ పూర్తి నొక్కును చూసుకుంటాయి. ఒకసారి ఒక్కటే మార్చండి. రెండు మూడు ఒకేసారి మార్చినవాడికి ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ఎత్తైన కొండ ప్రాంతానికి తీసుకెళితే గాలి పలచబడి, అదే జెట్టుతో మిశ్రమం చిక్కనవుతుంది. అప్పుడు సైజు తగ్గించాలి.

రాప్టర్ 700 లాంటి ఇంజెక్షన్ బండికి జెట్టు ఉండదు కాబట్టి ఇంధనాన్ని సరిచేసే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె కావాలి. డైనోజెట్ పవర్ కమాండర్ ఆ కోవలోదే. స్లిప్-ఆన్‌తో సరిపెట్టుకుంటే కొన్ని బండ్లు అది లేకుండానే నడుస్తాయి. ఫుల్ సిస్టమ్‌కు అది తప్పదు. గొట్టం ఖర్చులోనే దాని ధరనూ కలుపుకోండి.

సరిపోయిందో లేదో చూడటానికి పాత పద్ధతి స్పార్క్ ప్లగ్గు విప్పి చూడటం. పూర్తి నొక్కులో నడిపి, ఇంజిన్ ఒక్కసారిగా ఆపి విప్పాలి. దాని కొసనున్న పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే బాగుంది. తెల్లగా సున్నంలా ఉంటే పలచన, నల్లటి మసి ఉంటే చిక్కన. సీసం లేని నేటి పెట్రోలుతో ఈ రంగులు అంత స్పష్టంగా కనబడవు. బెండ్ పైపుకు సెన్సర్ బిగించి గాలి-ఇంధన నిష్పత్తి చూపే మీటరుతో ఒక గంట పరీక్ష చేయించుకుంటే అనుమానం తీరిపోతుంది.

ఏడో అడుగు: బిగించడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. ఇంజిన్ తలకాయలోంచి బయటికి వచ్చే, నట్లు బిగించే మరలకు (స్టడ్లకు) ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోయండి. విరిగిన స్టడ్ తీయించడానికి అయ్యే ఖర్చు చూస్తే ఆ ఓపిక ఎందుకో అర్థమవుతుంది.

కీలు దగ్గర పొగ కారకుండా ఉండే పాత గ్యాస్కెట్ మళ్లీ వాడకండి. ఒకసారి నలిగాక అది మళ్లీ సరిగా కూర్చోదు. కొత్త గొట్టాన్ని అన్ని చోట్లా వదులుగా తగిలించి, ఏ బోల్టునూ బిగించకుండా, గొట్టం తన చోటు తాను వెతుక్కునేలా చేయండి. తర్వాత ఇంజిన్ వైపు నట్లు రెండింటినీ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించండి. చివరగా వెనక బిగింపులు, స్ప్రింగులు. ఎంత గట్టిగా అన్నది మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, బిగింపును కొలిచే టార్క్ రెంచి వాడండి. ప్లాస్టిక్ భాగాలకు, వైర్లకు, వెనక బ్రేకు గొట్టానికి మధ్య వేలు దూరేంత సందు ఉందా అని చూసి, సస్పెన్షన్‌ను కిందికి నొక్కి మళ్లీ చూడండి.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు గొట్టాన్ని స్పిరిట్ గుడ్డతో తుడవండి. తుడవకపోతే మీ వేలిముద్రలు స్టెయిన్‌లెస్ మీద, టైటానియం మీద శాశ్వతంగా కాలిపోయి కూర్చుంటాయి. నా రెండో గొట్టం మీద నా బొటనవేలి ముద్ర ఇప్పటికీ ఉంది. మొదట్లో వచ్చే కొద్దిపాటి పొగ పీచులోని జిగురు కాలడం వల్ల వచ్చేది, కంగారు పడకండి. ఒకసారి వేడెక్కి చల్లారాక అన్ని బోల్టులనూ మరోసారి చూడండి, ఒకటి రెండు తప్పకుండా వదులై ఉంటాయి.

ఎనిమిదో అడుగు: నడిపాక వినాల్సినవి

మీట వదలగానే టపటపమని పేలుళ్లు వినిపిస్తే మొదట బెండ్ పైపు కీలు దగ్గర గాలి జొరబడుతుందేమో చూడండి. తేలిగ్గా తెలుసుకోవాలంటే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే, వేడెక్కకముందే, కీలు దగ్గర చెయ్యి ఆనించకుండా పెట్టి చూడండి. పొగ తగిలితే అక్కడే కారుతోంది. కీలు బాగుంటే మిశ్రమం పలచనై ఉండవచ్చు. కొన్ని బండ్లలో పొగను శుభ్రం చేయడానికి ఎగ్జాస్ట్‌లోకి గాలి పంపే ఏర్పాటు ఉంటుంది, చిన్న చిన్న పేలుళ్లకు అదీ కారణమే. దాన్ని పీకేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. నిబంధనలున్న చోట అది నేరమవుతుంది.

పొలాల్లో, గడ్డి మైదానాల్లో తిరిగేవాళ్లు ఇంకొకటి చేయాలి: ప్రతి గంటకూ ఆగి, గొట్టానికీ ప్లాస్టిక్‌కూ మధ్య ఇరుక్కున్న ఎండుగడ్డిని, బురదను పీకేయాలి. ఒకసారి కొత్త గొట్టానికి పాత వేడి కవచం సరిపోలేదని వదిలేసిన తోటి రైడర్ బండి తొడ పక్క ప్లాస్టిక్ మైనంలా వంగిపోవడం చూశాను. కవచం సరిపోకపోతే కొత్తది చేయించండి.

స్పార్క్ అరెస్టర్ జాలీని ఏడాదికి రెండు మూడుసార్లు విప్పి, తీగ బ్రష్షుతో మసి దులపండి. అది పూడుకుపోతే పైవేగంలో బండి గొంతు నొక్కినట్టు నీరసిస్తుంది, మీరేమో పెట్రోలునూ జెట్టునూ అనుమానిస్తూ కూర్చుంటారు. ఇక పీచు: ధ్వని మెల్లమెల్లగా డొల్లగా, పగిలిన రేకు కొట్టినట్టు మారుతుంది. రోజూ వినే మీ చెవికి అది తెలియదు. అందుకే గొట్టం కొత్తగా ఉన్నప్పుడే ఫోనులో, ఎప్పుడూ అదే దూరం నుంచి, అదే వేగంలో ఒక నిమిషం రికార్డు చేసి పెట్టుకోండి. ఆరు నెలలకోసారి మళ్లీ రికార్డు చేసి రెండూ పక్కపక్కన వినండి. తేడా వినిపించిన రోజున పీచు మార్చండి. అన్నట్టు, డబ్బా పక్కన చెయ్యి పెట్టలేనంత వేడి వస్తున్నా, రంగు ఒకచోట మాత్రమే గోధుమరంగుకు తిరుగుతున్నా లోపల పీచు అక్కడ కాలిపోయిందని అర్థం. ఆ రోజు రికార్డింగుతో పనిలేదు.